చక్రముతో పాటు దాని చరిత్రయు నడవవలెను

ఆగని గూడ్సు బండి కంభము స్టేషనును దాటిపోవునపుడు ప్లాట్‌ఫారముపై స్టేషను మాస్టరును, అవతలి వైపున పాయింట్స్‌మనును పచ్చజెండాలు పట్టి నిలిచియుండుట చూచి, అది కేవలము మర్యాద యని తలచువారు పెక్కురు. నిజమునకు వారి చూపు చక్రములమీదనే యుండును. ఇరుసుపెట్టె నుండి పొగ లేచుచున్నదా, అడుగున నేదైన వ్రేలాడుచున్నదా, బ్రేకు విడువక చక్రము ఈడ్చుకొనిపోవుచున్నదా యని పరికించి, అట్టిదేదైన కనబడిన తక్షణమే ఎఱ్ఱజెండా చూపి, ముందరి స్టేషనుకు ఫోను చేసి బండిని నిలిపింతురు. రైల్వేవారు 'హాట్ యాక్సిల్' అని వ్యవహరించు ఇరుసు వేడిమి ఈవిధముగ ఎన్నియో పర్యాయములు ప్రమాదముగ మారకమునుపే పట్టుబడినది. నేడు ఈ పని మనుష్యుని కంటితో పాటు యంత్రములును చేయుచున్నవి. కాని ఒక యంత్రము కనిపెట్టిన సంగతి, ఆ బండిని తరువాత నడుపబోవు వానికి తెలియుచున్నదా యనునదే ఇప్పటి ప్రశ్న.

ప్రశ్న క్రొత్తది కాదు. దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభము, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాల చేరు మన మార్గము 19వ శతాబ్దము చివర సదరన్ మరాఠా రైల్వే కంపెనీ వేసిన మీటరుగేజి దారి. 1908లో ఆ కంపెనీ మద్రాసు రైల్వేతో ఏకమైనది. 1990 దశకమున దారి బ్రాడుగేజి యైనది. ఆ కంపెనీల కాలమున బెజవాడలో హైదరాబాదు నుండి వచ్చు నిజాము రైల్వే వారి దారియు, ఇతర కంపెనీల దారులును కలిసెడివి. ఒకరి వ్యాగను మరియొకరి పట్టాలపై పోయి విరిగివచ్చినచో తప్పెవరిది, మరమ్మతు ఖర్చెవరిది? ఈ తగవులు తీర్చుటకే 20వ శతాబ్దారంభమున ఇండియన్ రైల్వే కాన్ఫరెన్స్ అసోసియేషన్ ఏర్పడి, వ్యాగన్ల మార్పిడికి ఉమ్మడి నియమములు వ్రాసినది. హద్దు స్టేషన్లలో ఏ పక్షమునకును చెందని తటస్థ పరీక్షకులు వ్యాగన్లను చూచి దోషములు నమోదు చేసెడివారు. దూరమునుండి యంత్రములు పంపు సమాచారమును రైల్వేలు పంచుకొనుట యన్నది ఆ తటస్థ పరీక్షకుని పనికే నేటి రూపము.

ఆ యంత్రములెట్టివో చూతము. దారి ప్రక్కన అమర్చిన పరారుణ గ్రాహకము సాగిపోవు బండి యొక్క ఒక్కొక్క ఇరుసుపెట్టె వేడిని కొలుచును. పట్టాకు అంటించిన మరియొక పరికరము చక్రము మోపు దెబ్బను తూచును. బ్రేకు పట్టి జారినపుడు చక్రమున ఒకచోట చదునైనచో, అది తిరిగిన ప్రతిసారియు పట్టాను సమ్మెటవలె మోదును గనుక లెక్క వెంటనే పెరుగును. ఇక మైక్రోఫోన్లు వరుసగ పెట్టి బేరింగు చేయు చప్పుడును విని, వేడెక్కుటకు చాల ముందే లోపమును పసిగట్టు ఏర్పాటులును కలవు. ఇట్టి వాటిని భారత రైల్వేలు పలు మార్గములందు నెలకొల్పినవి.

ఒక్క కొలతలో నిజము సగమే తెలియును. సంతలో ఎద్దును కొనువాడు పండ్లు చూచును, గిట్టలు చూచును, నడిపించి చూచును. ఐనను క్రిందటి వానకాలమున అది ఎన్నిమారులు పడకేసినదో అమ్మువాడు చెప్పిననే గాని తెలియదు. వ్యాగను సంగతియు నట్టిదే. 2023 ఫిబ్రవరి 3వ తేదీ రాత్రి అమెరికాలోని ఒహైయో రాష్ట్రమున ఈస్ట్ పాలస్టీన్ వద్ద నార్ఫోక్ సదరన్ కంపెనీ గూడ్సు బండి పట్టాలు తప్పి, 38 వ్యాగన్లు దొర్లి, విషరసాయనములు మండి, ఊరివారు ఇండ్లు విడిచిపోవలసివచ్చెను. ఆ బండిలోని చెడిన బేరింగును దారిలో మూడు యంత్రములు కొలిచినవి. బయటి గాలికంటె అది మొదటి యంత్రము వద్ద 38 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ. రెండవదాని వద్ద 103. మూడవదాని వద్ద 253. మొదటి రెండును హెచ్చరిక హద్దుకు లోబడినవే గనుక బండిని ఆగుమనలేదు. మూడవది మ్రోగునప్పటికి సమయము మించినది. మూడంకెలను వరుసగ పేర్చి చూచిన సామాన్యునికైనను వేడి ఎటు పోవుచున్నదో బోధపడును. ఆ మూడు యంత్రములును ఒకే కంపెనీవి. అవి వేర్వేరు కంపెనీలవై, ఒకదాని లెక్క మరియొకదానికి అందనిచో, ఆ వరుసను పేర్చువాడే యుండడు.

అమెరికాలో ఒక వ్యాగను అనేక కంపెనీల పట్టాలపై తిరుగును. పైగా వ్యాగన్లలో పెక్కు రైల్వేలవి కాక, సరకుల వర్తకులవో అద్దెకిచ్చువారివో అయియుండును. అందుచే అచటి రైల్వేల సంఘమునకు చెందిన రైలింక్ అను సంస్థ ప్రతి వ్యాగనుకు ఉమ్మడి దస్త్రమును ఉంచి, ఎవరి పట్టాపై కొలిచినను చక్రముల దోషము ఆ వ్యాగను యజమానికి చేరునట్లు చేసినది. ఈస్ట్ పాలస్టీన్ దుర్ఘటన పిమ్మట పెద్ద కంపెనీలు బేరింగు వేడిమి హద్దును 170 డిగ్రీలకు దించుటకును, అంకెల పోకడను గమనించుటకును అంగీకరించినవి.

మనదేశమున రైలంతయు ప్రభుత్వమువారిదే గదా, పంచుకొనుట యెవరితో నని అడుగవచ్చును. కాని 2006లో ఏర్పడిన డెడికేటెడ్ ఫ్రైట్ కారిడార్ కార్పొరేషనుకు సొంత పట్టాలు కలవు. వెలికొండల క్రింద 6 కిలోమీటర్లకు పైబడిన సొరంగముతో 2019లో తెరచిన ఓబులవారిపల్లె–వెంకటాచలము మార్గము కృష్ణపట్నం రైల్వే కంపెనీ పేరిటిది. కంటైనర్ల వ్యాపారులకు సొంత వ్యాగన్లున్నవి. మధేపురాలో ఆల్‌స్టామ్ కంపెనీ భాగస్వామ్యమున తయారగు 12,000 అశ్వశక్తి ఇంజన్ల స్థితిగతులు దూరమునుండియే గమనింపబడును. ఇవి గాక జోన్లకు జోన్లే వేర్వేరు సంసారములు: 2019లో ప్రకటింపబడిన దక్షిణ కోస్తా రైల్వే ఏర్పాటుతో మన గుంటూరు డివిజను సికిందరాబాదు ఏలుబడి నుండి విశాఖపట్నము ఏలుబడికి మారునదే. ఏలుబడి మారినను వ్యాగను చరిత్ర తెగరాదు.

మెచ్చి చెప్పదగినదొకటి కలదు. ప్రతి వ్యాగను ప్రక్కనను 11 అంకెల సంఖ్య తెల్లని రంగుతో వ్రాసియుండును. మొదటి రెండంకెలు దాని జాతిని, తరువాతి రెండు యజమాని రైల్వేను, ఆపైని రెండు తయారైన సంవత్సరమును, నాలుగు దాని వరుస సంఖ్యను తెలుపగా, చిట్టచివరిది తప్పు పట్టుటకైన అంకె. ఆ సంఖ్యనే రేడియో బిళ్లలయందు నిక్షేపించి వ్యాగన్లకు తగిలించుచున్నారు. అట్లైన దారి ప్రక్క యంత్రము వేడిని కొలుచుటయే గాక, అది యెవరి వేడియో పేరుతో సహా చెప్పగలదు.

మిగిలిన చిక్కు మనుష్యులది. దోషము తెలిపినవానికి, బండినేల ఆపలేదని రేపు నిలదీయుదురను భయము. తెలిసికొన్నవానికి మరమ్మతు ఖర్చు తనపై పడునను శంక. సరకుల రాకపోకలు పోటీదారునికి తెలియునను సందేహము. తన యంత్రపు లెక్కను తన సాఫ్ట్‌వేరులోనే చదువవలెనను తయారీదారుని పట్టు. ఈ చిక్కులు విడదీయరానివి కావని మన హైదరాబాదే నిరూపించినది. దక్షిణ మధ్య రైల్వేలో తొలుత పరీక్షించిన, రైళ్లు ఢీకొనకుండ కాచు కవచ్ పరికరములను మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ అను వేర్వేరు కంపెనీలు చేసినను, లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ వ్రాసిన ఒకే నిర్దేశమును పాటించుటచే, ఒకరి ఇంజను పెట్టె మరియొకరి స్టేషను పెట్టెతో మాటలాడుచున్నది. ప్రాణరక్షకమైన సంకేతమునకు చెల్లిన నియమము, ఇరుసు వేడిమికి ఏల చెల్లదు?

నడికుడి–శ్రీకాళహస్తి దారి కనిగిరి మీదుగ వచ్చి, వెలిగండ్ల ప్రాంతమువారికి రైలు చేరువగు దినమునకై ఎదురుచూచుచున్నాము. ఆ దారిలో పెట్టబోవు ప్రతి పరికరపు ఒప్పందమునను రెండు వాక్యములు వ్రాయుట చాలును: కొలత కొలిచినవాని సొత్తు కాక, ఆ వ్యాగనును ముట్టు ప్రతివానికిని తెలియవలెను. తెలిపినవాడు తెలిపినందుకు శిక్షింపబడరాదు. పట్టాలు వేయుటకు పెట్టు వ్యయములో ఈ రెండు వాక్యముల ఖరీదు ఏపాటిది? పరికరములు కొనకముందే అధికారులు వీటిని వ్రాయింపవలెను. కొన్న పిమ్మట వ్రాయించుట మిక్కిలి కష్టము.