కార్యాలయ విరాళ సేకరణ: సమ్మతి, మొహమాటం, సంతకం

1. ఉపోద్ఘాతం

వరదో తుపానో సంభవించిన మరుసటి వారంలో ప్రభుత్వ కార్యాలయాల్లోనూ కళాశాలల్లోనూ ఒక సర్క్యులర్ చేతులు మారుతుంది. ఒక రోజు మూలవేతనాన్ని సహాయనిధికి ఇవ్వాలన్నది దాని సారాంశం. 2024 సెప్టెంబరులో విజయవాడ, ఖమ్మం ప్రాంతాలను వరదలు ముంచెత్తినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల ఉద్యోగ సంఘాలూ ఈ పద్ధతిలోనే విరాళం ప్రకటించాయి. ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి కార్యాలయాల్లో జరిగే వసూలు దీనికంటే చిన్నదే అయినా, స్వభావంలో దీని కోవకే చెందుతుంది.

ఇటువంటి సేకరణకు ఉన్న శక్తి తక్కువది కాదు. వేలాది మంది ఇచ్చే చిన్న మొత్తాలు జీతాల బిల్లు ద్వారా ఒకేసారి జమ అవుతాయి. వసూలు ఖర్చు దాదాపు ఉండదు. అయితే వీధిలో చందా అడిగే వ్యక్తికి ఎదుటివారి జీతమెంతో తెలియదు, కాదన్నా అతడు చేయగలిగిందేమీ లేదు. కార్యాలయంలో అడిగేది సెలవు మంజూరు చేసే అధికారి, పనితీరు నివేదిక రాసే అధికారి. ఈ భేదం వల్లనే కార్యాలయ విరాళ సేకరణలో సమ్మతి కేవలం లాంఛనం కాకుండా అసలు సమస్య అవుతుంది.

2. ఎవరు రాసివ్వాలి?

ఈ సమస్య న్యాయస్థానం ముందు స్పష్టంగా నిలిచింది కేరళలో. 2018 ఆగస్టు వరదల తరువాత అక్కడి ప్రభుత్వం ఒక నెల వేతనాన్ని వాయిదాల్లో ఇవ్వవలసిందిగా ఉద్యోగులను కోరింది. సెప్టెంబరులో వెలువడిన ఉత్తర్వులో ఒక నిబంధన వివాదాస్పదమైంది: ఇవ్వడానికి ఇష్టం లేనివారు ఆ సంగతిని లిఖితపూర్వకంగా తెలియజేయాలి, లేకుంటే వేతనంలో కోత పడుతుంది. ఈ నిబంధనను హైకోర్టు నిలిపివేసింది. అక్టోబరు 29న సుప్రీంకోర్టు ఆ నిర్ణయంలో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. ఇవ్వలేనివారు తమ అశక్తతను తామే ప్రకటించుకొని అవమానానికి లోను కావలసిన అవసరమేమిటన్నది విచారణలో ప్రధానంగా వచ్చిన ప్రశ్న.

ఇచ్చేవారు రాసివ్వడానికీ, ఇవ్వనివారు రాసివ్వడానికీ మధ్య తేడా పైకి స్వల్పంగా కనిపిస్తుంది. మొదటి పద్ధతిలో మౌనానికి అర్థం లేదు. రెండవ పద్ధతిలో మౌనమే అంగీకారం. అంతకు మించి, రెండవ పద్ధతి ఇవ్వనివారి జాబితాను తనంతట తానే తయారు చేస్తుంది. 1936 వేతనాల చెల్లింపు చట్టం ప్రధానమంత్రి జాతీయ సహాయనిధికి వేతనం నుండి మినహాయింపును అనుమతిస్తూనే, దానికి ఉద్యోగి లిఖితపూర్వక అనుమతి ఉండాలని నిర్దేశించింది. ఆ చట్టం నిర్ణీత పరిమితిలో వేతనం పొందేవారికే వర్తించినా, అందులోని సూత్రం ఏ కార్యాలయానికైనా సరిపోతుంది.

2024 జులైలో వయనాడ్ కొండచరియలు విరిగిపడినప్పుడు కేరళ ప్రభుత్వం సమ్మతిపత్రం అడిగింది. అయితే కనీసం అయిదు రోజుల వేతనం ఇవ్వాలని పరిమితి పెట్టింది. ఈ విధంగా సమ్మతి సమస్య తీరినా, మొత్తాన్ని ఎంచుకునే స్వేచ్ఛ ప్రశ్నగానే మిగిలింది.

3. మొహమాటానికి కొలత

దానానికి ప్రేరణ దయ ఒక్కటే కాదు. తెలుగులో 'మొహమాటం' అనే మాట చక్కగా పట్టుకున్న భావాన్ని ఆర్థికశాస్త్రవేత్తలు 'సామాజిక ఒత్తిడి' అంటారు. డెల్లావిన్యా, లిస్ట్, మాల్మెండియర్ షికాగో పరిసరాల్లో ఇంటింటి విరాళ సేకరణపై చేసిన ప్రయోగ ఫలితాలను 2012లో ప్రచురించారు. ఫలానా సమయానికి వస్తున్నామని ముందురోజే కరపత్రం తగిలించిన ఇళ్లలో తలుపు తీసేవారు 9 నుండి 25 శాతం వరకు తగ్గారు. 'రావద్దు' అని గుర్తు పెట్టే వీలు కూడా కల్పించినప్పుడు విరాళాలు 28 నుండి 42 శాతం తగ్గాయి. తప్పించుకునే దారి చూపగానే కొందరు తప్పుకున్నారు. అంటే అంతకుముందు వారిలో కొంతమంది ఇచ్చినది ఎదుటి మనిషి ముఖం చూసి.

తలుపు వేసుకునే వీలు కార్యాలయంలో లేదు. అక్కడ 'గుంపులో గోవిందా' అన్న తీరున వచ్చే సమ్మతిని దాతృత్వంగా లెక్కకట్టడం పరిశోధకులకైనా, నిర్వాహకులకైనా పొరపాటే.

అలాగని ప్రతి ప్రోత్సాహమూ ఒత్తిడి కాదు. బ్రిటన్‌లో బిహేవియరల్ ఇన్‌సైట్స్ టీమ్ 2013లో ప్రచురించిన నివేదికలో రెండు ఉదాహరణలున్నాయి. డాయిష్ బ్యాంకు లండన్ ఉద్యోగులను ఒక రోజు జీతం అడిగినప్పుడు సాధారణ ఈమెయిలుకు సుమారు 5 శాతం స్పందించగా, పేరుపెట్టి రాసిన లేఖతో పాటు చిన్న మిఠాయి పొట్లం అందుకున్నవారిలో సుమారు 17 శాతం స్పందించారు. ఇది పలకరింపు, కాదనడానికి ఏ అడ్డూ లేదు. హోమ్ రిటైల్ గ్రూప్‌లో మాత్రం, విరాళాన్ని ఏటా 3 శాతం పెంచే ఏర్పాటును కోరి ఎంచుకోవలసి ఉన్నప్పుడు 10 శాతం మంది చేరగా, వద్దనుకుంటేనే చెప్పవలసిన పద్ధతికి మార్చగానే అది 49 శాతానికి పెరిగింది. ఇక్కడ పెరిగింది ఉదారతా, ఉదాసీనతా అన్నది అంకె చెప్పదు.

4. నిర్వహణలో కట్టుబాట్లు

ఈ విషయంలో అత్యంత వివరమైన నియమావళి అమెరికా ఫెడరల్ ఉద్యోగులకు సంబంధించినది. 1961లో అధ్యక్షుడు కెనెడీ జారీచేసిన ఉత్తర్వు నుండి రూపుదిద్దుకున్న కంబైన్డ్ ఫెడరల్ క్యాంపెయిన్ నిబంధనల ప్రకారం, పై అధికారి తన కింది ఉద్యోగిని విరాళం అడగరాదు. ఇచ్చావా, ఎంత ఇచ్చావు అని విచారించరాదు. నూటికి నూరు శాతం భాగస్వామ్యాన్ని లక్ష్యంగా పెట్టరాదు. ఇవ్వనివారి జాబితా తయారు చేయరాదు. వసూలైన మొత్తాన్ని అధికారి పనితీరు అంచనాకు ఆధారం చేయరాదు. ఈ నిషేధాలను చదివితే, వీటికి ముందు ఏమేమి జరిగి ఉంటుందో ఊహించవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లోని ఒక కళాశాలకు వీటిని అన్వయిస్తే, ప్రిన్సిపాల్ విజ్ఞప్తిపై సంతకం చేయవచ్చు గాని స్టాఫ్ రూములో కాగితం పట్టుకొని తిరగకూడదు. సమ్మతిపత్రాలు నేరుగా అకౌంట్స్ విభాగానికి చేరాలి. పేర్లకెదురుగా మొత్తాలు రాసిన పట్టిక నోటీసు బోర్డుపైకి రాకూడదు. గుప్తదానాన్ని గొప్పగా చెప్పుకునే సమాజంలో వాట్సాప్ గ్రూపులో దాతల పట్టికను అంకెలతో సహా పంచుకోవడం ఒక వింత.

'ఒక రోజు వేతనం' అనే కొలమానం గురించి కొంత ఆలోచించాలి. మూలవేతనం 1,20,000 రూపాయలున్న ఆచార్యునికి అది 4,000. నెలకు 27,000 పొందే ఒప్పంద అధ్యాపకునికి 900. నిష్పత్తి ఒక్కటే గాని, అద్దె, పిల్లల ఫీజు పోను మిగిలే సొమ్ములో ఆ 900 స్థానం వేరు. గంటల లెక్కన పారితోషికం పొందే అతిథి అధ్యాపకునికి 'ఒక రోజు' అంటే ఏమిటో కూడా స్పష్టం కాదు. సెలవుల్లో పారితోషికమే లేనివారిని, కొనసాగింపు ప్రిన్సిపాల్ సిఫారసుపై ఆధారపడినవారిని ఈ విజ్ఞప్తి పరిధి నుండి తప్పించడమే న్యాయం. ఇవ్వదలచినవారు విడిగా ఇవ్వవచ్చు.

పన్ను మినహాయింపు ఆకర్షణ కూడా మునుపటంత లేదు. ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చిన మొత్తానికి ఆదాయపు పన్ను పాత విధానంలో పూర్తి మినహాయింపు ఉంది. కొత్త విధానంలో లేదు. 2023-24 నుండి వేరుగా ఎంచుకోనివారందరూ కొత్త విధానంలోకే వస్తారు కనుక, 'పన్ను తగ్గుతుంది' అనే వాక్యాన్ని సర్క్యులర్‌లో షరతు లేకుండా రాయడం తప్పుదోవ పట్టించడమే. పాత విధానంలో ఉన్నవారికి మాత్రం, సొమ్ము సంస్థ తరఫున ఒక్కటిగా జమ అవుతుంది కనుక, జీతాలు డ్రా చేసే అధికారి ఇచ్చే వ్యక్తిగత ధ్రువపత్రం అవసరం. మార్చి నెలలో దానికోసం తిరగవలసిన స్థితి రాకుండా, కోత పడిన నెలలోనే అందజేయడం మంచిది.

అన్నింటికంటే తరచుగా విస్మరించబడేది తిరుగులెక్క. ఎంతమంది ఇచ్చారు, మొత్తం ఎంత, ఏ తేదీన ఏ ఖాతాకు చేరింది అన్న మూడు వివరాలు, పేర్లు లేకుండా, సర్క్యులర్ తిరిగిన బల్లల మీదుగానే మరో కాగితంగా తిరగాలి.