వార్తల్లో పదం: డబుల్ ఫీచర్

ఒకే టికెట్టుపై వరుసగా రెండు సినిమాలు చూపడమే ‘డబుల్ ఫీచర్’. 1930ల ఆర్థిక మాంద్యంలో ప్రేక్షకుల్ని నిలుపుకోవడానికి అమెరికా థియేటర్లు దీన్ని విరివిగా వాడాయి. తర్వాత ఈ మాట వీడియో డిస్కులకూ వచ్చింది. మన అంగళ్లలో దాన్నే ‘టూ ఇన్ వన్’ అన్నారు.

వేంపల్లెలాంటి ఊళ్లలో సీడీలు అద్దెకు తెచ్చుకున్నవారికి దీని విలువ తెలుసు. వీసీడీలో పట్టేది సుమారు 80 నిమిషాలే. ‘బొబ్బిలి యుద్ధం’ సినిమాలో కోట మీద ఫిరంగులు పేలేలోపే డిస్కు అయిపోయేది, లేచి రెండోది వేయాల్సి వచ్చేది. 8.5 జీబీల రెండు పొరల డీవీడీలోనైతే రెండు సినిమాలు ఇముడుతాయి.

జత కుదరడమే ముఖ్యం. ‘బొబ్బిలి యుద్ధం’ (1964), ‘పల్నాటి యుద్ధం’ (1966) వెంటవెంటనే చూడండి. మొదటిదాంట్లో ఎన్టీఆర్, భానుమతి భార్యాభర్తలు. రెండోదాంట్లో బ్రహ్మనాయుడు, నాగమ్మలుగా ప్రత్యర్థులు. బొబ్బిలిని 1757లో పొరుగు రాజు పగ, ఫ్రెంచి ఫిరంగులు కూల్చాయి. పల్నాడును దాయాదుల పోరే కాల్చింది. యుద్ధంలో గెలిచినవారికీ మిగిలేది దుఃఖమేనని ఈ జత చెబుతుంది. రెండూ శుభ్రమైన ప్రింట్లతో ఒకే పెట్టెలో మన పిల్లలకు అందాలి.