ఆయిల్ ఇంజనులో గవర్నరు లింకు సర్దుబాటు

నీరు తోడుతున్న ఆయిల్ ఇంజను బెల్టు అకస్మాత్తుగా జారిపోతే, అంతవరకు ఇంజను మోస్తున్న భారం ఒక్క క్షణంలో తొలగిపోతుంది. వెంటనే ఇంధన సరఫరా తగ్గకపోతే ఇంజను వేగం అదుపు తప్పి పెరుగుతుంది. ఫ్లైవీలుపై పడే అపకేంద్ర ఒత్తిడి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే వేగం ఒకటిన్నర రెట్లయితే ఒత్తిడి రెండుంపావు రెట్లవుతుంది. పోత ఇనుముతో చేసిన బరువైన ఫ్లైవీలు పగిలితే సమీపంలోని వారికి ప్రాణాపాయం కలుగుతుంది. ఈ ప్రమాదాన్ని నివారించవలసిన సాధనం గవర్నరు. దాని ఆదేశాన్ని ఇంధన పంపుకు చేరవేసేది ఒక చిన్న లింకు రాడ్డు మాత్రమే.

ఇంగ్లండులోని డర్స్లీకి చెందిన లిస్టర్ సంస్థ 1930 ప్రాంతంలో ప్రవేశపెట్టిన నెమ్మది వేగపు డీజిల్ ఇంజను నమూనా మన దేశంలో విశేష ప్రాచుర్యం పొందింది. రాజ్‌కోట్‌లో అదే తరహా ఇంజనులు తయారయ్యాయి. వీటిలో 6 అశ్వశక్తి ఇంజను నిమిషానికి 650 చుట్ల వేగంతో పనిచేస్తుంది. సర్దుబాటు వివరాలు నమూనాను బట్టి కొంత మారినా, మూలసూత్రం ఒక్కటే.

పనిచేసే విధానం

వేగం పెరిగినప్పుడు గవర్నరు గుండ్లు స్ప్రింగు బలాన్ని అధిగమించి వెలుపలికి జరుగుతాయి. ఈ కదలిక స్లీవు, లివరు, లింకు రాడ్డుల ద్వారా ఇంధన పంపు ర్యాకుకు చేరుతుంది. ర్యాకు కదిలినప్పుడు పంపు ప్లంజరు తిరిగి, ప్రతి స్ట్రోకులో సిలిండరుకు అందే ఇంధనం తగ్గుతుంది. వేగం తగ్గినప్పుడు ఇందుకు వ్యతిరేక చర్య జరుగుతుంది. స్ప్రింగు బిగువు ఇంజను ఏ వేగంతో నడవాలో నిర్ణయిస్తుంది. గుండ్ల పూర్తి కదలికకు ర్యాకు పూర్తి కదలిక సరిపోతుందా లేదా అన్నది లింకు పొడవుపై ఆధారపడి ఉంటుంది. అందువలన ముందు లింకును సరిచేసి, ఆ తరువాతనే స్ప్రింగును సర్దాలి. క్షేత్రస్థాయిలో తరచుగా దీనికి విరుద్ధంగా జరుగుతుంది.

సర్దుబాటు క్రమం

ఇంజనును పూర్తిగా ఆపి, లింకు రాడ్డును ర్యాకు నుండి విడదీయాలి. ర్యాకు ఒక కొస నుండి మరొక కొసకు వేలితో తేలికగా కదలాలి. జిగురు లేదా తుప్పు వలన పట్టేస్తుంటే శుభ్రమైన డీజిలుతో కడగాలి. అప్పటికీ కదలకపోతే పంపును నిపుణులకు అప్పగించాలి. తరువాత పిన్నులను, వాటి రంధ్రాలను పరిశీలించాలి. అరిగిన పిన్నులను మార్చాలే గాని, రాడ్డును వంచి ఆ వదులును సర్దడం తగదు.

లింకును తిరిగి కలిపిన తరువాత లివరును గుండ్లు పూర్తిగా విచ్చుకునే స్థితికి చేతితో నెట్టాలి. లివరు తన కదలిక చివరకు చేరడానికి కొద్దిగా ముందే ర్యాకు ఇంధనం పూర్తిగా ఆగే స్థానానికి రావాలి. రాకపోతే లాకు నట్టును వదులు చేసి, రాడ్డు మరను అర చుట్టు చొప్పున తిప్పుతూ పొడవును సరిచేయాలి. లివరును ఆ స్థితిలోనే పట్టి ఉంచి, డీకంప్రెషను లివరు ఎత్తి ఇంజనును చేతితో తిప్పినప్పుడు ఇంజెక్టరు నుండి ఇంధనం చిమ్మే శబ్దం వినిపించకూడదు. భారం తొలగినప్పుడు ఇంజను అదుపులో ఉంటుందనడానికి ఇదే ఆధారం. లివరును వదిలినప్పుడు స్ప్రింగు ర్యాకును పూర్తి ఇంధన స్థానానికి తీసుకురావాలి. చివరగా లాకు నట్టును బిగించాలి.

నడిపి పరీక్షించడం

ఇంజనును ప్రారంభించేటప్పుడు ఒకరు స్టాప్ లివరు వద్ద సిద్ధంగా ఉండాలి. వేగం అదుపు తప్పితే గాలి పీల్చే మార్గాన్ని మూయడానికి ఒక చెక్క పలకను దగ్గర ఉంచుకోవాలి. ఆ మార్గాన్ని చేతితో మూయడానికి ఎన్నడూ ప్రయత్నించరాదు. ఇంజను వేడెక్కిన తరువాత టాకోమీటరుతో వేగాన్ని కొలిచి, స్ప్రింగును కొద్దికొద్దిగా సర్దాలి. ఉదాహరణకు భారం లేనప్పుడు 680, పూర్తి భారంతో 650 చుట్లు నమోదైతే తేడా 30. ఇది పూర్తి భార వేగంలో సుమారు 4.6 శాతం. ఈ రకమైన గవర్నరుకు ఇటువంటి స్వల్ప తేడా సహజమే గాని లోపం కాదు.

వేగం క్రమం తప్పకుండా హెచ్చుతూ తగ్గుతూ ఉంటే దానిని హంటింగ్ అంటారు. పట్టేస్తున్న ర్యాకు, వదులైన పిన్నులు దీనికి ప్రధాన కారణాలు. గుండ్లు కదిలినా ర్యాకు ఆలస్యంగా స్పందించడం వలన ప్రతిసారీ దిద్దుబాటు అవసరమైన దానికంటే ఎక్కువవుతుంది. మాక్స్‌వెల్ 1868లో గవర్నర్లపై ప్రచురించిన పత్రంలో ఇటువంటి అస్థిరతను గణితపరంగా విశ్లేషించాడు. స్వయంచాలక నియంత్రణ శాస్త్రానికి ఆ పత్రం ఒక పునాదిగా నిలిచింది. స్ప్రింగును బిగించడం వలన హంటింగ్ పోదు. వేగం మాత్రమే పెరుగుతుంది.

రైతులకు తెలియజేయవలసిన విషయం

ఎక్కువ నీటి కోసం స్ప్రింగును బిగించే అలవాటును మాన్పించాలి. సెంట్రిఫ్యూగల్ పంపులో నీటి పరిమాణం వేగానికి, అవసరమైన శక్తి వేగం ఘనానికి సుమారు అనుపాతంలో ఉంటాయి. వేగాన్ని 650 నుండి 715కు పెంచితే నీరు దాదాపు 10 శాతం పెరుగుతుంది. అవసరమైన శక్తి మాత్రం 33 శాతం పెరుగుతుంది. అప్పటికే పూర్తి భారంతో నడుస్తున్న ఇంజను ఆ శక్తిని ఇవ్వలేక నల్లని పొగ వదులుతుంది. ఇంధనం వృథా అవుతుంది, భాగాలు త్వరగా అరుగుతాయి. నీరు చాలనప్పుడు పంపు, పుల్లీ పరిమాణాలను పునఃపరిశీలించడమే సరైన మార్గం. సీజను ప్రారంభంలో ర్యాకు కదలికను, పిన్నులను, ఇంధనం ఆగే స్థానాన్ని ఒకసారి పరీక్షించే పద్ధతిని ఇంజను ప్రదర్శనలలో రైతుల చేతనే చేయిస్తే అది వారికి అలవాటవుతుంది.