ఎదిగిన బిడ్డకు వైద్యసహాయం

చేతికంది వచ్చిన కొడుకు ఉన్నట్టుండి ఉద్యోగం మాని, గది తలుపులు మూసుకొని కూర్చుంటాడు. రాత్రులు నిద్రపోడు. అన్నంలో ఏదో కలిపారని తల్లిని అనుమానిస్తాడు. మందలించిన తండ్రిపై చేయెత్తుతాడు. ఇరుగుపొరుగువారు దీనిని పొగరంటారు. బంధువులు గాలి సోకిందంటారు. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని పెద్దలు సలహా ఇస్తారు. ఈ మూడింటిలో చివరిది మిక్కిలి ప్రమాదకరమైనది. ఏ పాపమూ ఎరుగని మరొక ఆడపిల్ల జీవితం దానితో ముడిపడుతుంది.

భారతకథలో ధృతరాష్ట్రునికి హితవు చెప్పే విదురుడున్నాడు. కుమారుని నడవడి తగదని ఆ రాజుకూ తెలుసు. పుత్రవ్యామోహం వలన తెలిసినది ఆచరణకు రాలేదు. దుర్యోధనునిది రోగమని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. దుర్మార్గం వేరు, వ్యాధి వేరు. ఆ భేదాన్ని ఇంటివారు ఊహించి తేల్చలేరు. అందుకు మానసిక వైద్యుని పరీక్ష అవసరం. స్కిజోఫ్రీనియా, బైపోలార్ రుగ్మత వంటివి తరచుగా కౌమారం చివర, యౌవనారంభంలో బయటపడతాయి. మద్యం, గంజాయి వంటి వ్యసనాలు, మూర్ఛ, థైరాయిడ్ లోపాలు సైతం ప్రవర్తనను మార్చగలవు. చికిత్స ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది.

పసిబిడ్డనైతే ఎత్తుకొని ఆసుపత్రికి తీసుకుపోవచ్చు. పాతికేళ్ళవాడు "నాకే జబ్బూ లేదు" అంటే ఏమి చేయాలి? అది మొండితనం కాకపోవచ్చు. తన రోగాన్ని తాను గుర్తించలేకపోవడం కొన్ని మానసిక వ్యాధుల లక్షణమే. కనుక వాదించి ప్రయోజనం లేదు. "నీకు పిచ్చి" అనడం కంటె, "నిద్ర పట్టడం లేదు కదా, డాక్టరుకు చూపిద్దాం" అనడం మేలు. అప్పటికీ రాకుంటే తల్లిదండ్రులే ముందుగా వైద్యుని కలవవచ్చు. మార్పు ఎప్పుడు మొదలైంది, నిద్ర, తిండి ఎలా ఉన్నాయి, కోపం ఏ సందర్భాలలో వస్తోంది అనే వివరాలను కాగితంపై రాసుకొని వెళ్ళడం ఎంతో ఉపకరిస్తుంది. కొందరు మాత్రలు పొడిచేసి రహస్యంగా కూరలో కలుపుతారు. అది తెలిసిననాడు కొడుకు అనుమానాన్ని తల్లే నిజం చేసినట్లవుతుంది.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు చెలరేగాయి. గొలుసులతో కట్టివేయబడి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది మానసిక రోగులు మరణించారు. నయమవుతుందన్న ఆశతో అయినవారే వారిని అక్కడ విడిచి వెళ్ళారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. తన చికిత్సను తానే నిర్ణయించుకొనే హక్కును వయోజనునికి ఇచ్చింది. తీవ్రమైన వ్యాధి వలన తనకో ఇతరులకో హాని కలిగే స్థితి ఏర్పడి, నిర్ణయశక్తి లోపించినప్పుడు, రోగి ప్రతినిధి దరఖాస్తుపై ఆసుపత్రిలో చేర్చుకోవచ్చు. అయితే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. ఇలా చేర్చుకొనే గడువు మొదట 30 రోజులకు మించరాదు.

హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఇంట్లో హింస చెలరేగితే ముందు సురక్షితమైన చోటికి తప్పుకొని 112కు ఫోన్ చేయాలి. సలహా కోసం 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా లభిస్తుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ ఫోన్ రోగియే చేయనక్కరలేదు. ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే తమ్ముడో చెల్లెలో కూడా చేయవచ్చు.