నక్షత్రం, తోకచుక్క, నీటిగుర్రం: మన రోడ్లెక్కిన సీమ లారీలు

నల్లగొండ పక్కన పానగల్‌కు వింత కోసం వచ్చేవాళ్లు నేరుగా ఛాయాసోమేశ్వరుడి గుడికి పోతారు. పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలో లింగం వెనక నీడ కదలదు. కందూరు చోడుల కాలంనాటి శిల్పులు ఆ స్తంభాలను ఏ లెక్కన నిలబెట్టారో అని తల పంకించి, పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం చుట్టి, ఉదయసముద్రం కట్ట మీద కాసేపు నిలబడి వెళ్లిపోతారు. ఇదే నల్లగొండ గడ్డ మీద మరో వింతల మంద ఏళ్ల తరబడి పరుగెత్తింది. దాని సంగతి ఏ గైడూ చెప్పడు. గ్లాస్గోలో, లంకషైర్‌లో, జర్మనీలో, చెకోస్లొవేకియాలో పుట్టి మన దుమ్ము తాగిన లారీల మంద అది.

నల్లగొండ పట్టణం 1980ల దాకా రైలు కూత వినలేదు. జిల్లా కేంద్రమై ఉండి కూడా! బీబీనగర్–నడికుడి లైను పడేదాకా బత్తాయిలు పోవాలన్నా, ఎరువు బస్తాలు రావాలన్నా, మిర్యాలగూడ బియ్యం ఊళ్లు దాటాలన్నా లారీయే దిక్కు. అందుకే ఇక్కడి పాత డ్రైవర్లు ఇంజన్ల గురించి మాట్లాడితే ఎడ్ల జతల గురించి రైతు మాట్లాడినట్టే ఉంటుంది. ఏది బరువుకు ఆగేది, ఏది మొండికేసేది, ఏది చెప్పిన మాట వినేది అన్నీ నోటి లెక్కే.

అందరికన్నా పెద్దమ్మ

వయసులో మొదటి పీట అల్బియన్‌ది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టింది. ఉపఖండంలో ప్రభుత్వమే ప్రయాణికుల బస్సులు నడపడం ఇదే మొదలని ఆ శాఖ వారసురాలైన ఆర్టీసీ తన చరిత్రలో గొప్పగా చెప్పుకుంటుంది. ఆనాటి అల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంది. లారీల ముచ్చటలో బస్సేమిటని అడగొద్దు. ఆ రోజుల్లో చాసీ వచ్చేది, దాని మీద తొట్టి కడితే లారీ, బెంచీలు వేస్తే బస్సు. అంతే తేడా.

అల్బియన్ కంపెనీ 1899లో స్కాట్లాండ్‌లో పుట్టింది. రేడియేటర్ మీద ఉదయించే సూర్యుడి బొమ్మ, దాని కింద సూర్యోదయమంత ఖాయం అన్న అర్థమొచ్చే నినాదం ఆ కంపెనీ గుర్తులు. మే నెలలో నల్లగొండ ఎండ చూసిన వాళ్లకు ఆ సూర్యుడు కొత్తేమీ కాదు గానీ, తెల్లవారుజామున హ్యాండిల్ వేసి తిప్పితే ఇంజను అంత ఖాయంగా లేచేదా అన్నది తిప్పినవాళ్లనే అడగాలి. ఆ నిజాం బస్సుల కాలం వదిలిన గుర్తు ఇంకొకటి ఉంది: ఆర్టీసీ నంబరు ప్లేట్ల మీద ఈనాటికీ కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జెహ్రా బేగం పేరులోదని చెప్పుకుంటారు.

లేలాండ్ వారి జూ

పేర్ల పోటీ పెడితే కప్పు లేలాండ్‌దే. లంకషైర్‌లో లేలాండ్ అనే ఊళ్లో 1896లో ఆవిరి బండ్లతో మొదలైన ఈ కంపెనీ, 1930ల నాటికి తన లారీలకు జంతువుల పేర్లు పెట్టింది. నాలుగు చక్రాలది బీవర్, ఆరు చక్రాలది హిప్పో, ఎనిమిది చక్రాలది ఆక్టోపస్. ఇవిగాక బైసన్, బఫెలో, రైనో, బుల్. ఒక తమాషా ఏమిటంటే ఇంగ్లండ్ వాళ్లు వెనక జంట టైర్లను ఒక చక్రం కిందే లెక్కపెడతారు. మన దగ్గర టైరు టైరుకూ లెక్కే. అందుకని వాళ్ల ఆక్టోపస్ మన ధర్మకాంటకు వచ్చిందంటే కాళ్లు ఎనిమిది కాదు, పన్నెండు తేలతాయి.

జంతువుల గుంపులో కలవకుండా 1947లో వచ్చిన పేరు కామెట్, అంటే తోకచుక్క. అప్పటికి మన దేశంలో రఘునందన్ శరణ్ తన కొడుకు పేరున అశోక్ మోటార్స్ పెట్టే పనిలో ఉన్నాడు. 1948లో మద్రాసు దగ్గర ఎన్నూరులో ఆస్టిన్ కార్లు బిగించడానికి పెట్టిన ఆ కంపెనీ, 1950లో లేలాండ్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ వెంటనే కామెట్ చాసీలు రావడం మొదలైంది. 1955లో కంపెనీ పేరే అశోక్ లేలాండ్ అయింది. హేలీ తోకచుక్క దాదాపు డెబ్బయి అయిదేళ్లకోసారి వచ్చి మాయమవుతుందంటారు. ఈ తోకచుక్క మాత్రం పుట్టింట్లో ఆరిపోయాక కూడా దశాబ్దాల పాటు మన రోడ్ల మీదే తిరిగింది. హిప్పో, బీవర్ పేర్లు కూడా ఎన్నూరుకు వలస వచ్చినవే.

ఈ కుటుంబ చరిత్రలో అసలు వింత ఇంకొకటి ఉంది. నిజాంకు బస్సులిచ్చిన అల్బియన్‌ను 1951లో లేలాండ్ కొనేసింది. ఆ లేలాండ్ చేతులు మారి మారి, 1993లో లేలాండ్ డాఫ్ పేరుతో దివాలా తీసింది. ఇంగ్లండ్‌లో ఆ ఊళ్లో లారీలు ఇప్పటికీ తయారవుతున్నాయి, కానీ వాటి ముఖాన ఉండేది డాఫ్ పేరు. లేలాండ్ అన్న పేరు లారీ నుదుట పెద్ద అక్షరాలతో కనబడాలంటే మన జాతీయ రహదారి పక్కన నిలబడాల్సిందే. అంతటితో ఆగలేదు. లీడ్స్‌లో లేలాండ్ మూసేసిన పాత బస్సు బాడీల ఫ్యాక్టరీ నుంచి 1985లో ఆప్టేర్ అనే కంపెనీ లేచింది. అశోక్ లేలాండ్ 2010లో దాంట్లో వాటా కొని, 2012కల్లా ముప్పాతిక భాగం తన చేతిలోకి తెచ్చుకుంది. పిల్ల పోయి తల్లి ఇంటిని కొన్నట్టు. ఆ ఆప్టేరే తర్వాత స్విచ్ అయింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద తిరగడం మొదలుపెట్టిన కరెంటు డబుల్ డెక్కర్లు స్విచ్ బండ్లే. 1932 నాటి అల్బియన్‌కు ఇవి వరసకు మునిమనవరాళ్లు. ఒక నగరంలో ఒకే వంశం బండ్లు తొంభై ఏళ్ల ఎడంతో మొదటి అడుగు వేయడం ఏ రికార్డుల పుస్తకంలోనూ ఎక్కలేదు. ఎక్కాల్సిన మాట మాత్రం నిజం.

ముఖాన నక్షత్రం

లేలాండ్‌కు ఎదురు నిలిచింది బెంజి. జంషెడ్‌పూర్‌లో రైలింజన్లు చేస్తున్న టాటా వారి టెల్కో 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో చేయి కలిపి, అదే ఏడాది అక్టోబరుకల్లా మొదటి లారీని బయటికి తెచ్చింది. ఆరు నెలల పని అది! మొదట వచ్చిన 312లో ఆరు సిలిండర్ల ఇంజను, నూరు గుర్రాల బలం. ఇవాళ కంకర మోసే టిప్పరుకే దానికి రెండింతల పైన ఉంటుంది. నూరు గుర్రాలతోనే తొట్టి నిండా బస్తాలు, బస్తాల మీద తాట్‌పత్రి, దాని మీద ఇద్దరు హమాలీలు. ఆ తర్వాత వచ్చిన 1210 నంబరును లెక్క తెలిసినవాళ్లు ఇట్టే విప్పేవాళ్లు: 12 టన్నుల మొత్తం బరువు, చివరి 10ని పదితో గుణిస్తే గుర్రాల బలం. లారీ కొనేముందు పంతులును అడిగేవాళ్లకు ఇది జాతకచక్రం కన్నా పనికొచ్చేది.

పదిహేనేళ్ల ఒప్పందం 1969లో ముగిసింది. మూడు కోణాల నక్షత్రం పోయి టాటా వారి టి అక్షరం వచ్చింది. అయినా పల్లెల్లో కొన్నేళ్ల పాటు టాటా లారీని కూడా బెంజి అనే అన్నారు. హైదరాబాద్ నుంచి చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట మీదుగా బయల్దేరిన లారీ చివరికి చేరే విజయవాడలో బెంజ్ సర్కిల్‌కు ఆ పేరు అక్కడి బెంజి షోరూము వల్లే వచ్చిందంటారు.

ఇప్పుడు చరిత్ర తిరగబడింది చూడండి. సీమ కంపెనీ దగ్గర పాఠం నేర్చుకున్న టాటా 2025 జులైలో ఇటలీ లారీల కంపెనీ ఇవెకోను కొంటున్నట్టు ప్రకటించింది. అదే ఇవెకో 1987లో హిందుజాలతో కలిసి అశోక్ లేలాండ్‌లో వాటా కొన్నది!

గూడు లేని ప్రయాణం

సాహసంలో పెద్దపీట నా లెక్కన చాసీ తోలుకొచ్చిన వాళ్లకు వేయాలి. ఫ్యాక్టరీ ఇచ్చేది ఇంజను, చక్రాలు, స్టీరింగు, ముందు రేకు. క్యాబిన్ లేదు, తలుపుల్లేవు, అద్దం లేదు, తల మీద కప్పు లేదు. సీటు స్థానంలో ఓ చెక్క పెట్టె. దాని మీద కూర్చుని, కళ్లకు గాగుల్స్, ముక్కుకు తువ్వాలు కట్టుకుని జంషెడ్‌పూర్ నుంచి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం, వరుసగా ఇంకో పది చాసీలతో కలిసి వచ్చేవాళ్లు. వాన పడితే వాన, ఎండ కాస్తే ఎండ. బాడీ కట్టించడానికి విజయవాడ ఆటోనగర్‌కు పోతే వడ్రంగి, కమ్మరి, పెయింటరు ముగ్గురూ చేయి వేసి దానికి ఇల్లూ వాకిలీ కట్టేవాళ్లు. ఆసియాలోని పెద్ద ఆటోనగర్లలో ఒకటని దానికి పేరు.

కాళ్ల కింద కచేరీ

పాత లారీ తోలడమంటే ఏమిటో ఇప్పటి పవర్ స్టీరింగు కుర్రాళ్లకు చెప్పి నమ్మించడం కష్టం. బండి చక్రమంత స్టీరింగు, నిలబడ్డ చోట తిప్పాలంటే సీట్లోంచి సగం లేవాలి. గేర్లకు సింక్రో లేదు. క్లచ్ తొక్కి గేరు తీసి న్యూట్రల్ చేయాలి, క్లచ్ వదలాలి, ఎక్సలేటరు ఒక తన్ను తన్నాలి, మళ్లీ క్లచ్ తొక్కి అప్పుడు కింది గేరు వేయాలి. తన్ను ఎక్కువైతే గరగర, తక్కువైతే అసలు పడదు. గేరుపెట్టె లోపల తిరిగే రెండు పళ్ల చక్రాల వేగం సమానమైన క్షణాన్ని చెవితో పట్టుకోవడమే ఆ విద్య అంతా. మీటరు చూసి కాదు, ఇంజను గొంతు విని గేరు మార్చేవాళ్లు. చెవి సరిగా లేని వాడు ఎన్నేళ్లున్నా క్లీనరుగానే ఉండిపోయేవాడు.

క్లీనరు సంగతీ చెప్పాలి. డ్రైవరును ఉస్తాద్ అని పిలిచి, అతని చేతి దెబ్బలు తిని, టైర్ల మధ్య ఇరుక్కున్న రాయి తీసి, రాత్రి తొట్టి మీద పడుకుని నేర్చుకున్నవాడు. చేత్తో తలుపు మీద తట్టిన శబ్దమే వాళ్ల భాష: ఒక్కటి కొడితే ఆపు, రెండు కొడితే పోనీ. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కాల్సి వస్తే చెక్క దిమ్మె చేతబట్టి లారీ వెంట నడిచిన క్లీనర్లున్నారు. బండి వెనక్కి జారితే చక్రం కింద అది పెట్టడమే పని. దోమలపెంట, ఈగలపెంట మలుపుల్లో నిలిచిన లోడు లారీని మళ్లీ కదిలించడం డబుల్ క్లచ్ కన్నా పెద్ద పరీక్ష. బ్రేకు, క్లచ్, ఎక్సలేటరు మూడు తొక్కాలి, కాళ్లు మాత్రం రెండే.

"లేలాండ్ బరువుకు, బెంజి పరుగుకు" అన్నది లారీ అడ్డాల్లో పాత తీర్పు. నేను అప్పీలు చేయను.

ఒక లారీ, మూడు పేర్లు

మారువేషాల్లో రికార్డు డాడ్జ్‌ది. బొంబాయి ప్రీమియర్ కంపెనీ అమెరికా క్రిస్లర్ లారీలను డాడ్జ్, ఫార్గో, డిసోటో అని మూడు పేర్లతో అమ్మింది. బానెట్ మీది బిళ్ల తప్ప మరేమీ మారదు. అమెరికా ఒంట్లో చాలావాటికి గుండె మాత్రం ఇంగ్లండ్‌ది: పీటర్‌బరో ఊరి పెర్కిన్స్ పి6 డీజిల్ ఇంజను. 1931లో లండన్ దగ్గర లూటన్‌లో మొదలైన బెడ్‌ఫోర్డ్‌ను కలకత్తా హిందుస్థాన్ మోటార్స్ తెచ్చింది. మన వైపు కన్నా కేరళలో దానికి అభిమానులు ఎక్కువ.

చిన్నదీ, మొండిదీ, ఎడమచేతిదీ

చిన్న సైజులో పోటీ లేనిది జర్మనీ టెంపో హన్సీట్. మూడు చక్రాలు, ఇంజను ముందు చక్రం మీదే, ఆ ముందు చక్రమే బండి మొత్తాన్ని లాగాలి. 1950ల చివర్లో బజాజ్ టెంపో దాన్ని మొదలుపెట్టింది. జర్మనీలో ఆగిపోయాక కూడా మన సందుల్లో దశాబ్దాలు కూరగాయలు మోసింది. మొండితనంలో శక్తిమాన్‌కు పేరు. జర్మనీ మాన్ కంపెనీ నమూనా మీద జబల్‌పూర్‌లో 1959లో మొదలై 1996 దాకా సైన్యానికి తయారైంది.

అందరిలోకీ విచిత్రం టాట్రా. 1923లోనే ఈ చెక్ కంపెనీ మామూలు చట్రాన్ని పక్కనపెట్టి, వెన్నెముకలా మధ్యలో ఒకే ఉక్కు గొట్టం వేసి, దానికి రెండు పక్కలా చక్రాలను విడివిడిగా ఊగేలా తగిలించింది. గుంటలో ఒక చక్రం దిగినా మిగతావి నేల వదలవు. ఇంజనుకు నీళ్లుండవు, గాలితోనే చల్లారుతుంది. 1986లో బీఈఎంఎల్ ఒప్పందంతో మన సైన్యంలోకి వచ్చింది. హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌లో రూపుదిద్దుకుని 1988 ఫిబ్రవరి 25న మొదటిసారి ఎగిరిన పృథ్వి క్షిపణిని వీపున మోసే ఎనిమిది చక్రాల బండి ఇదే. వింత ఏమిటంటే ఏళ్ల తరబడి దాని స్టీరింగు ఎడమవైపే ఉండేది. రోడ్డుకు ఎడమ పక్క నడిచే దేశంలో, ఎదురొచ్చే బండిని చూడకుండా క్షిపణిని తోలిన డ్రైవర్లకు కూడా ఓ పతకం ఇవ్వాలి.

తెలంగాణ గడ్డ మీద లారీలు చేసిన కంపెనీ అల్విన్. 1980లలో జహీరాబాద్‌లో చేసిన ఆ లారీల చుట్టం సీమవాడు కాదు, జపాన్ నిస్సాన్.

ఆర్టీసీ ఒక సంస్థ కాబట్టి అల్బియన్‌ను దాచుకుంది. కామెట్‌ను ఎవరు దాచుతారు? కిరాయిలు తగ్గినప్పుడు ఓనరు దాన్ని నీళ్ల ట్యాంకరుకు అమ్మేవాడు. ఫ్లోరైడ్ ఊళ్లకు నీళ్లు మోసి మోసి ట్యాంకు తుప్పుపడితే తొట్టి పాత ఇనుముకు, ఇంజను కంకర మిల్లుకు, గేరుపెట్టె మరో కామెట్‌కు పోయేవి. నల్లగొండలో ఇవాళ పాత లేలాండ్ గేరు రాడ్డు చేతికి తగలాలంటే ఆటోనగర్ పాతసామాన్ల దుకాణంలో గుట్ట తిరగేయాలి. దుకాణదారుడు దాన్ని కిలోల లెక్కన అమ్ముతాడు.