పులుసు అదే, పెరుగే వేరు

నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డున ఎవరైనా చేప తిననంటే పెద్దగా పట్టించుకోరు. శనివారమా, కార్తీకమా, అయ్యప్ప మాల వేసుకున్నాడా, శ్రమల దినాలా అని ఒక మాట అడిగి ఊరుకుంటారు. మైపాడు నుంచి పులికాట్ దాకా ఏ ఊరు చూసినా ఏడాదిలో కొన్నాళ్లు నీచు ముట్టని ఇళ్లు ఉంటాయి. అదే మనిషి భోజనం చివర పెరుగు గిన్నె పక్కకు జరిపితే మాత్రం ఇల్లంతా తలెత్తి చూస్తుంది. "ఏం పాపా, ఒంట్లో బాగలేదా?" అని అత్త అడుగుతుంది. మజ్జిగ కూడా వద్దంటే ఇంక డాక్టరు మాట ఎత్తుతారు. ఈ తీరంలో వీగన్ కావాలనుకునే వాళ్లకు అసలు పరీక్ష చేప దగ్గర కాదు, పెరుగన్నం దగ్గర.

మాంసం, చేపలతో పాటు పాలు, నెయ్యి, గుడ్డు, తేనె కూడా మానేసి, పట్టు, తోలు వాడకుండా బతకాలన్నది వీగన్ల పట్టుదల. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు వీగన్ సొసైటీ పెట్టారు. మన దేశంలో ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు తెచ్చి, ప్యాకెట్ మీద వేయడానికి వేరే గుర్తు ఇచ్చింది. శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్క ఉన్నంత మాత్రాన అందులో పాలు లేవని కాదు. పిల్లలు తినే బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివితే పాలపొడి కనిపిస్తుంది.

పాలల్లో ఏం తప్పుందని పెద్దవాళ్లు అడుగుతారు. సమాధానం పాడి ఉన్న ప్రతి ఊరికీ తెలుసు. బర్రె ఈని ఆడదూడను వేస్తే దాన్ని సాకుతారు. మగదూడ అయితే, ట్రాక్టర్లు వచ్చాక దానితో దున్నే పని లేదు, పాలిచ్చే రోజూ రాదు. తల్లి దగ్గర సరిగ్గా తాగనివ్వక అది చిక్కి చచ్చిపోవడమో, సంతకెళ్లి కబేళాకు చేరడమో జరుగుతుంది. పాలు, మాంసం వేరు వేరు దారులని మనం అనుకుంటాం గానీ రెండూ ఒకే కొట్టంలో మొదలవుతాయి. ఇంకో సంగతి. పందొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అక్కడి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరి 'నెలోరె' అనే పేరుతో స్థిరపడ్డాయి. ఇవాళ ఆ దేశపు మాంసం పశువుల్లో ఎక్కువ భాగం ఆ జాతివే. మన ఊరి పేరు అంత దూరాన కబేళాల దగ్గర మోగుతోందని తెలిసినప్పుడు నాకు ముద్ద దిగలేదు.

రొయ్యల కథ మన కళ్లముందే నడిచింది. తొంభైల మొదట్లో తీరం పొడుగునా చెరువులు తవ్వారు. 1994లో వైరస్ వచ్చి నెల్లూరు రైతులు చాలామంది దెబ్బతిన్నారు. పొలాల్లోకి, తాగే నీళ్లలోకి ఉప్పు చేరుతోందన్న గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పులో పులికాట్ సరస్సుకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండకూడదని కోర్టు చెప్పింది. తర్వాత 2005లో ఈ సాగుకు వేరే చట్టం వచ్చింది, 2009 నుంచి వెనామీ రకం రొయ్య వచ్చింది, చెరువులు మళ్లీ నిండాయి. రొయ్యకు వేసే మేతలో చేపల పొడి ఉంటుంది. అంటే రొయ్య తిన్నప్పుడు దానితో పాటు సముద్రంలోని చిన్న చేపలనూ తింటున్నట్టే.

అయినా మత్స్యకారుల పట్టపు పాళెంలో నిలబడి వల వేసేవాడికి నీతులు చెప్పే హక్కు మనకు లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఈ తీరంలో మరబోట్లు వేటకు వెళ్లవు. చేపలు గుడ్లు పెట్టే కాలానికి సముద్రాన్ని వదిలేయాలని మత్స్యకారులకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మార్పు తినేవాళ్ల ఇంట్లో మొదలు కావాలి, అదీ పొయ్యి దగ్గర.

నెల్లూరు చేపల పులుసు పేరు చెబితే లొట్టలేసే వాళ్లను అడుగుతాను: అందులో నాలుక వెతుక్కునేది చేపనా, పులుసునా? మట్టి చట్టిలో నువ్వుల నూనె కాగాక ఆవాలు, మెంతులు, కరివేపాకు, ఉల్లిపాయలు వేసి మగ్గనివ్వాలి. కారం, ధనియాల పొడి, చిక్కటి చింతపండు పులుసు పోశాక, సగం ఉడికించి నూనెలో ఎర్రగా వేయించిన చేమదుంపలు వేయాలి. పచ్చి మామిడికాయ ముక్కలు ఆఖర్న. ముందే వేస్తే చెదిరిపోతాయి. గరిటె పెట్టకుండా చట్టిని గుడ్డతో పట్టుకుని తిప్పాలి. దించే ముందు వేయించిన మెంతులు, జీలకర్ర పొడి చల్లి రాత్రంతా వదిలేస్తే, పొద్దున దోశలోకి ఆ పులుసు పట్టిన చేమదుంపకు సాటి లేదు. కారం దోశకు నెయ్యి బదులు నువ్వుల నూనె చాలు. ఊరిబిండి, పప్పుల పొడి, రాగి సంకటి, గోంగూర, పచ్చిపులుసు ఎటూ ఉన్నవే. వీగన్ అంటే ఖరీదైన బాదం పాల డబ్బాలు అనుకుని చాలామంది ఆదిలోనే వెనక్కి తగ్గుతారు. ఇసుక నేలల్లో పండే మన వేరుశెనగ ఉండగా ఆ డబ్బాలెందుకు?

పెరుగు కూడా ఆ వేరుశెనగతోనే అవుతుంది. గింజలు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి పలుచటి గుడ్డలో వడకట్టాలి. అడుగంటకుండా కలుపుతూ కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు నాలుగు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూత పెట్టాలి. తెల్లారేసరికి తోడుకుంటుంది. మొదటిసారి పలుచగా, కాస్త శెనక్కాయ వాసనతో ఉంటుంది. దాన్నే తోడుగా వేసి మళ్లీ చేస్తే కొంచెం గట్టిపడుతుంది. ఆవాలు, ఇంగువ తాళింపు పెట్టి మజ్జిగ పులుసు చేస్తే తేడా పట్టుకోవడం కష్టం. ఉత్త పెరుగన్నంలో మాత్రం తెలిసిపోతుంది, అది ఒప్పుకోవాలి. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడి, 2023లో పద్మశ్రీ అందుకున్న సిరిధాన్యాల ప్రచారకుడు ఖాదర్ వలీ ప్రసంగాల వల్ల నువ్వుల పాలు, కొబ్బరి పాలు ఎన్నో తెలుగిళ్లకు పరిచయమయ్యాయి. వాటికన్నా ముందు మన పెద్దలకు తరవాణి ఉండేది. కుండలో గంజి పోసి పులియబెట్టి చద్దన్నంలో కలుపుకుని, పాడి లేని ఇళ్లు ఎండాకాలాలు దాటాయి. ఆ కుండను మళ్లీ పెట్టుకుంటే తప్పేముంది?

ఒక్క విషయంలో మొహమాటం కూడదు. బి12 విటమిన్ మొక్కల నుంచి నమ్మకంగా దొరకదు. తరవాణి తాగినా, సిరిధాన్యాలు తిన్నా రాదు. వీగన్ అయినవాళ్లు దానికి మాత్ర వేసుకోవాల్సిందే. కాల్షియానికి అంత బెంగ లేదు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాములు ఉంటుంది, నువ్వుల్లో ఇంకా ఎక్కువ. గర్భిణులు, పసిపిల్లల విషయంలో డాక్టరును అడిగాకే మార్పు చేయాలి.

ఇంట్లో దీన్ని నిలబెట్టేదీ కూలదోసేదీ ఒకటే: వండేదెవరు? కొడుకు బెంగళూరు నుంచి వచ్చి "అమ్మా, నేను వీగన్" అంటే ఆ తల్లికి రెండు కూరలు, రెండు తాళింపులు, రెండు రకాల గిన్నెలు. జీవాల మీద దయ చూపిస్తూ ఆమె నడుము విరగ్గొట్టడం న్యాయం కాదు. మానేసినవాళ్లే వేరుశెనగలు నానబెట్టాలి, వాళ్లే రుబ్బాలి, ఇంటిల్లిపాదికీ సరిపోయేట్టు చేమదుంపల పులుసు వాళ్లే వండాలి. తినమని ఎవరినీ అడగకపోయినా ఫరవాలేదు, చట్టి బల్ల మీద ఉంటే చాలు. నాన్న చేపముక్కతో పాటు ఒక దుంప కూడా వేసుకుంటాడు. గుళ్లో దద్దోజనం వదిలి పులిహోర తీసుకుంటే పూజారి ఏమీ అనడు. శ్రీరామనవమి పానకం, వడపప్పుల్లో ఎటూ పాలచుక్క లేదు. పెళ్లిళ్లలోనే కాస్త ముందుచూపు కావాలి. బంతిలో కూర్చున్నాక అడిగితే అన్నీ నెయ్యి పడినవే. ముందురోజు రాత్రి వంటమేస్త్రీ దగ్గరకెళ్లి చెబితే, పప్పులో నెయ్యి పోయకముందే ఒక గిన్నెడు తీసి పక్కన పెడతాడు.