పక్కింటి కుక్క మందలో పడితే

తెల్లవారింది. రొప్పంలో గొర్రెలన్నీ ఒక మూలకు ఒదిగి ఉన్నాయి. ఒక గొర్రె చచ్చి పడి ఉంది. రెండు పిల్లలకు తొడల మీద గాయాలు. ఒకచోట కంప తొలగి ఉంది. మట్టిలో కుక్క అడుగులు.

చూసిన ఆడమనిషికి కడుపు మండుతుంది. మండదా మరి! అనంతపురం కరువు నేల. ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా అదునులో పడుతుందన్న నమ్మకం లేదు. వేరుశనగ ఎండిపోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది నాలుగు గొర్రెలే. డ్వాక్రా అప్పుతో కొన్నవైతే, గొర్రె చచ్చినా కంతు కట్టక తప్పదు.

ఆ కోపంలో కొందరు పక్కింటి మీదికి కేకలేస్తూ పోతారు. కొందరు పైకి ఏమీ అనరు. రాత్రికి సంగటి ముద్దలో పురుగుల మందు కలిపి పెడతారు. ఆ ముద్ద ఎవరు తింటారో ఎవరికి తెలుసు? మంద కాసే కుక్క తినవచ్చు. కోడి పొడవవచ్చు. ఆడుకునే పిల్లవాడు ముట్టుకోవచ్చు. విషం పెట్టి జంతువును చంపడం నేరం కూడా. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ ఇదే చెబుతుంది. అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. గొర్రె పోగొట్టుకున్న మనిషే ముద్దాయి అవుతుంది.

ముందు చేయవలసింది చూడడం. ఈ ప్రాంతంలో తోడేళ్లు కూడా ఉన్నాయి. తోడేలు ఆకలికి వస్తుంది. చాలాసార్లు ఒకదాన్ని పట్టి ఎత్తుకుపోతుంది, లేదా తింటుంది. కుక్కలు అట్లా కాదు. మందను తరుముతాయి, దొరికినదాన్నల్లా కరుస్తాయి, తినకుండానే పోతాయి. అయినా ఎవరైనా కళ్లతో చూశారా అని అడగాలి. చచ్చిన గొర్రెను వెంటనే పూడ్చకూడదు. ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్లను పిలిచి చూపించాలి. పశువుల డాక్టరుకు కబురు చేయాలి. 1962 నంబరుకు ఫోను చేసినా సాయం దొరుకుతుంది. చెవికి బిళ్ల వేసి బీమా చేయించిన గొర్రె అయితే డాక్టరు రాసిచ్చే కాగితం లేకుండా డబ్బు రాదు.

తర్వాత కుక్క యజమాని ఇంటికి పోవాలి. ఒంటరిగా కాదు, చూసినవాళ్లతో పోవాలి.

“మామా, రాత్రి మీ కుక్క మా రొప్పంలో పడింది. కొట్లాటకు రాలేదు. ఒకసారి వచ్చి చూడు.”

“మా కుక్క ఇల్లు దాటదు కదమ్మా!”

కుక్క ఉన్న ప్రతివాళ్లూ ఈ మాటే అంటారు. అబద్ధమని అనుకోనక్కరలేదు. పగలు కాళ్ల దగ్గర పడుకునే కుక్క, రాత్రి నాలుగు కుక్కలతో కలిస్తే వేటకు పోతుంది. అది యజమానికి తెలియకపోవచ్చు.

“తెలీకుండా పోయిందేమోలే మామా. పిన్నమ్మ కూడా చూసినాది. ఇంక రాత్రిపూట కట్టేయాల. పిచ్చికుక్క సూది వేయించినావా? గొర్రె ఖరీదు సంతలో ఎంతుందో పెద్దమనుషుల్ని అడుగుదాం.”

ఒప్పుకుంటే కాగితం మీద రాసుకోవాలి. తేదీ, ఎన్ని గొర్రెలు, ఎంత డబ్బు, ఎప్పటిలోగా ఇవ్వాలి, కుక్కను రాత్రి కట్టేస్తానన్న మాట. కింద ఇద్దరి సంతకాలు, సాక్షుల సంతకాలు. రాయడం నేర్చుకున్నవాళ్లు ఈ కాగితం సొంతంగానే రాయగలరు. ఒప్పుకోకపోతే సర్పంచికి, పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇవ్వాలి. ఎదుటి మనిషికి హాని జరిగేలా పెంపుడు జంతువును అజాగ్రత్తగా వదిలేయడం 291వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కానీ పోలీసు స్టేషను గడప తొక్కాక పక్కింటివాళ్లతో మళ్లీ మాట కలవడం కష్టం. అది చివరి దారిగానే ఉంచుకోవాలి.

ఎవరివీ కాని ఊరకుక్కలైతే అడగవలసింది పంచాయతీనే. 2023లో వచ్చిన నియమాల ప్రకారం వాటిని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించి, సూది వేయించి, పట్టిన చోటనే వదలాలి.

కరిచిన కుక్కను కొట్టి చంపకూడదనడానికి ఇంకో కారణం ఉంది. అది పిచ్చికుక్క కావచ్చు. దాన్ని కట్టేసి పది రోజులు చూస్తే సంగతి తెలుస్తుంది. చంపేస్తే ఏమి తెలుస్తుంది? గొర్రెల గాయాలను సబ్బుతో, నీళ్లతో బాగా కడగాలి. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోవాలి. డాక్టరు చెప్పిన రోజుల్లో సూదులు వేయించాలి.

గొర్రెను విడిపించబోయి మనిషి కూడా కాటు తినవచ్చు. అప్పుడు గాయాన్ని సబ్బు రాసి పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసరు పెట్టకూడదు. పది రోజులు ఆగి చూద్దామని కూర్చోకూడదు. ఆరోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. అక్కడ సూది ఉచితం. పిచ్చికుక్క రోగం బయటపడ్డాక బతికించే మందు లేదు. ముందుగా వేసే సూది మాత్రం 1885 నుంచి ఉంది. ఫ్రాన్సు దేశంలో పాశ్చర్ అనే శాస్త్రవేత్త కుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లవాడికి దాన్ని ఇప్పించాడు. ఆ పిల్లవాడు బతికాడు.

రొప్పం కంప ఒక్కటే చాలదు. కుక్క దాని కింద తవ్వుతుంది. అడుగున రాళ్లు పేర్చాలి. చచ్చిన గొర్రెను, కోళ్ల అంగడి చెత్తను ఊరి బయట పారేస్తే కుక్కలు పచ్చిమాంసానికి అలవాటు పడతాయి. డాక్టరు చూసిపోయాక ఆ గొర్రెను లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాలి. పైన బండలు పెట్టాలి.